గులాబీ కాగితం రెండో పని

ఆస్ట్రేలియాలో ఓటు వేయకపోతే 20 డాలర్లు జరిమానా. ఆ భయానికో, బడి ఆవరణలో కాల్చి అమ్మే సాసేజీల వాసనకో, ఎన్నికల శనివారం మా పేటలో జనం బాగానే కదులుతారు. లోపలికి వెళ్ళగానే రెండు కాగితాలు చేతిలో పెడతారు. ఆకుపచ్చది ప్రతినిధుల సభకు, చిన్నది. తెల్లది సెనేట్‌కు. ఈ తెల్లదాన్ని అట్టల మధ్య ఇరుకు బల్ల మీద పూర్తిగా పరవడం కుదరదు, ఒక కొస ఎప్పుడూ కిందికి వేలాడుతూనే ఉంటుంది. అడ్డంగా ఒక లావుపాటి గీత. గీత పైన పార్టీలకు కనీసం 1 నుంచి 6 దాకా, లేదంటే గీత కింద మనుషులకు కనీసం 1 నుంచి 12 దాకా పెన్సిలుతో అంకెలు వేయాలి. నేను గీత కిందే వేస్తాను. వెనకవాళ్ళు విసుక్కున్నా సరే.

ఈ సంగతంతా ఫోన్లో చెబితే పిఠాపురంలో మా మావయ్య ఒకటే ప్రశ్న వేశాడు. "మీ పెద్దల సభకి మీరే వేసుకుంటారా? మరి మన రాజ్యసభకి మేమెప్పుడు వేశాంరా అబ్బాయ్?"

"2024 ఎన్నికల్లో వేశారు కదండీ మావయ్యా, గులాబీ కాగితం మీద."

2024 మే 13న మా ఊళ్ళో పోలింగ్ గదిలో రెండు మిషన్లు పెట్టారు. తెల్ల కాగితం అతికించినది లోక్‌సభకు. తుని, ప్రత్తిపాడు, పెద్దాపురం, జగ్గంపేట, కాకినాడ సిటీ, రూరల్‌తో కలిసి మా పిఠాపురం కాకినాడ ఎంపీని ఎన్నుకుంటుంది. గులాబీ కాగితం ఉన్నది శాసనసభకు. ఆ మిషన్ మీద పవన్ కల్యాణ్‌కు 70,279 ఓట్ల మెజారిటీ వచ్చిన సంగతి లోకమంతా చెప్పుకుంది. ఆ గులాబీ కాగితానికి రెండో పని ఒకటుందని మాత్రం ఊళ్ళో ఎవరూ పెద్దగా తలుచుకోరు. రాజ్యసభ సభ్యుల్ని ఎన్నుకునేది ఎమ్మెల్యేలే. మనం ఎమ్మెల్యేకు వేసిన ఓటు అమరావతి మీదుగా ఢిల్లీ చేరుతుంది.

మావయ్యకు ఇది మామూలు పుస్తకం భాషలో చెబితే ఎక్కదు. అందుకని వంగా గీత గారి సంగతి ఎత్తాను. ఆవిడ పేరు తెలియనివాళ్ళు మా వైపు లేరు. తూర్పు గోదావరి జిల్లా పరిషత్ చైర్‌పర్సన్‌గా చేశారు. 2000లో తెలుగుదేశం తరఫున రాజ్యసభకు వెళ్ళారు. 2009లో ప్రజారాజ్యం టికెట్టు మీద పిఠాపురం ఎమ్మెల్యే అయ్యారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కాకినాడ ఎంపీగా లోక్‌సభలో కూర్చున్నారు. 2024లో మళ్ళీ పిఠాపురం శాసనసభకే పోటీ చేసి ఓడిపోయారు. ఎర్ర తివాచీ సభలోనూ, ఆకుపచ్చ తివాచీ సభలోనూ కూర్చుని వచ్చిన మనిషి మా ఊరి ఓటర్లకు ఇంత దగ్గర్లో ఉంటే, రెండు సభలకూ తేడా చెప్పడానికి ఇంకో ఉదాహరణ వెతకడం దేనికి?

ఆవిడ రాజ్యసభ కాలాన్నే చూడండి. 2000లో ఎన్నికైతే 2006 దాకా గడువు. మధ్యలో, 2004లో, హైదరాబాదులో ప్రభుత్వం మారిపోయింది, తెలుగుదేశం ఓడింది. ఢిల్లీలో ఆవిడ కుర్చీ మాత్రం కదల్లేదు. రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు. ఆరేళ్ళ పదవి, రెండేళ్ళకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. లోక్‌సభ అయిదేళ్ళు, ఈలోపే రద్దూ కావచ్చు. లోక్‌సభకు 25 ఏళ్ళ వయసు చాలు, రాజ్యసభకు 30 నిండాలి. నిధుల పద్ధతి కూడా వేరే. లోక్‌సభ ఎంపీ ఏటా 5 కోట్ల నిధిని తన నియోజకవర్గంలో పనులకు సిఫారసు చేస్తాడు. రాజ్యసభ ఎంపీ తనను పంపిన రాష్ట్రంలో ఎక్కడైనా చేయొచ్చు.

ఎమ్మెల్యేలు ఓటు వేసే తీరు వింటే నాకు మా తెల్ల కాగితమే గుర్తొస్తుంది. వాళ్ళూ 1, 2, 3 అని అంకెలే వేయాలి. లెక్క కూడా అచ్చం మాదే. మా విక్టోరియా రాష్ట్రం నుంచి మామూలుగా ఒకేసారి ఆరుగురు సెనేటర్లను ఎన్నుకుంటాం, ఏడో వంతు కంటే ఒక ఓటు ఎక్కువ తెచ్చుకుంటే నెగ్గినట్టే. ఆంధ్రాలో మూడు సీట్లు ఖాళీ అయితే 175 మందిని నాలుగుతో భాగించాలి, 44 మంది మద్దతు ఉన్నవాడికి ఢోకా లేదు. తేడా ఒక్కటే. నేను కాగితం మడిచి పెట్టెలో వేసి వచ్చేస్తాను. పార్టీ ఎమ్మెల్యే మాత్రం తన కాగితాన్ని పార్టీ ఏజెంటుకు చూపించి మరీ వేయాలి. 2003లో తెచ్చిన పద్ధతి ఇది. ఓట్ల బేరాలు ఆపడానికన్నారు. ఆగాయో లేదో గానీ, రహస్య ఓటు అన్న మర్యాద మాత్రం పోయింది. ఆ సవరణతోనే ఇంకొకటి కూడా పోయింది. ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవ్వాలంటే ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన ఎత్తేశారు. ఆంధ్ర నుంచి సురేష్ ప్రభు, పరిమళ్ నత్వానీ రాజ్యసభకు వెళ్ళగలిగింది అందుకే. రాష్ట్రాల సభ అని పేరు పెట్టి, ఆ రాష్ట్రంలో ఇల్లూ ఓటూ లేకపోయినా పరవాలేదనడం నాకు మింగుడు పడదు.

2024 ఏప్రిల్ నాటికి రాజ్యసభలో ఆంధ్ర కోటా 11 సీట్లూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. జూన్‌లో శాసనసభ ఫలితాలు వస్తే ఆ పార్టీకి దక్కినవి 175లో 11. ఇక్కడ 11కి 11, అక్కడ 175కి 11. జనం మనసు మారినా పాత తీర్పు ఇంకొన్నాళ్ళు ఢిల్లీలో కూర్చుని ఉంటుందన్నమాట. మావయ్యకు ఇది అన్యాయంగా తోచింది. నాకు అలా అనిపించదు. ఒక్క ఊపులో అన్నీ కొట్టుకుపోకుండా ఏదో ఒకటి నిలబడాలనే కదా ఆ సభ పెట్టింది. నన్ను ఇబ్బంది పెట్టేది తర్వాత జరిగినది. కొన్ని నెలలకే ముగ్గురు రాజీనామా చేశారు. డిసెంబరులో ఉప ఎన్నిక ఏకగ్రీవమైంది. దిగిపోయిన ముగ్గురిలో ఇద్దరు, బీద మస్తాన్‌రావు, ఆర్. కృష్ణయ్య, వేరే పార్టీల తరఫున మళ్ళీ అదే సభకు వచ్చారు. మూడో సీటు కాకినాడకు చెందిన సానా సతీష్‌కు దక్కింది. చట్టం ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఆరేళ్ళ గడువు పెట్టినవాళ్ళు ఊహించిన నిలకడ ఇది కాదు.

బలం మాటకొస్తే మా సెనేట్ గట్టిది. 1975లో బడ్జెట్‌ను ఆమోదించకుండా ఆపి కూర్చుంది, చివరికి నవంబరు 11న గవర్నర్ జనరల్ ప్రధాని విట్లంను పదవిలోంచి తీసేశాడు. రాజ్యసభకు ఆ చేవ లేదు. ద్రవ్య బిల్లును 14 రోజులకు మించి పట్టి ఉంచలేదు. మిగతా బిల్లుల్లో మాత్రం ఒక్క అక్షరం మార్చినా మళ్ళీ లోక్‌సభకు వెళ్ళాల్సిందే. 2014 ఫిబ్రవరి 20న విభజన బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు మనకు దెబ్బ తగిలింది అక్కడే. ప్రత్యేక హోదా అయిదేళ్ళని ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ సభలోనే చెప్పారు. అది బిల్లులోకి ఎక్కలేదు. మాటగానే మిగిలింది. ఆ మాట మీద ఎన్ని ధర్నాలయ్యాయో మావయ్యకు నేను చెప్పక్కర్లేదు.

అంతా విని ఆయన లెక్క కట్టాడు. "అయితే ఆ గులాబీ బటన్ ఒక్కటే నొక్కితే ఎమ్మెల్యే, ఆ ఎమ్మెల్యే చేత రాజ్యసభ, కొందరు ఎమ్మెల్సీలు, రాష్ట్రపతికి కూడానా?"

"ఆయ్, రాష్ట్రపతి ఎన్నికలో మన ఎమ్మెల్యే ఓటు విలువ 159 అండీ."

"సరేలే. ఇంతమంది ఉన్నారు కదా, ఉప్పాడ దగ్గర రోడ్డుని సముద్రం ఏటా కోసేస్తోంది. సముద్రాన్ని ఆపే గోడ సంగతి వీళ్ళలో ఎవర్ని అడగాలో అది చెప్పు ముందు."

అయిదు కోట్ల నిధి ఆ గోడకు ఏ మూలకూ చాలదన్నాను. "అయితే రెండు సభల ఎంపీల్నీ అడుగుతాం" అన్నాడు మావయ్య.