ఊరు దాటితేనే ఇంటిపేరు

తాళ్ళపాకలో ఉన్నవాళ్ళను 'తాళ్ళపాక వాళ్ళు' అని వేరే చెప్పాల్సిన పనిలేదు. ఆ ఊళ్ళో అందరూ తాళ్ళపాక వాళ్ళే! పొలిమేర దాటి ఇంకో ఊళ్ళో అడుగుపెట్టాకే 'మీదే ఊరండీ?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. 'తాళ్ళపాక' అన్న జవాబు నలుగురి నోళ్ళలో పడి, రెండు మూడు తరాలు గడిచేసరికి ఇంటిపేరై కూర్చుంటుంది. తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో ఇన్ని ఊళ్ళు ఉండటానికి కారణం అదే. ఊరి పేరు దక్కేది ఊరు వదిలినవాళ్ళకే.

అలా వదిలి వచ్చిన రెండు ఊళ్ళు తిరుమల కొండ మీద రోజూ వినిపిస్తాయి. రాత్రి శ్రీవారి ఏకాంతసేవ గురించి చెబుతూ పెద్దలు 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అంటారు. ఒకటి రాజంపేట దగ్గరి పల్లె. ఇంకొకటి గుర్రంకొండ దగ్గరి పల్లె. ఆ ఊళ్ళు ఎక్కడున్నాయో తెలియని భక్తులకూ ఆ పేర్లు తెలుసు. అదీ ఇంటిపేరు మహిమ!

తాటిచెట్ల ఊరి నుంచి...

'తాళ్ళపాక' అన్న మాటను విడదీస్తే తాళ్ళు, పాక అన్న రెండు పదాలు కనిపిస్తాయి. తాళ్ళంటే తాటిచెట్లు. గోదావరి జిల్లాల్లోని తాళ్ళపూడి, తాళ్ళరేవు పేర్లలోనూ ఉన్నది ఈ మాటే. కడప సీమలోని ఈ చిన్న ఊళ్ళో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు 1408లో పుట్టినవాడు అన్నమయ్య. ఆ కుటుంబం నందవరీక శాఖకు చెందినది. ఆ శాఖ పేరు కూడా కర్నూలు సీమలోని నందవరం అన్న ఊరి నుంచి వచ్చిందే. అంటే ఆ ఇంటివాళ్ళ వెనక తాళ్ళపాక కంటే ముందే ఇంకో ఊరు ఉందన్నమాట!

చిన్నతనంలోనే అన్నమయ్య ఇల్లు వదిలి కొండెక్కాడు. ఆయనతోపాటు ఊరి పేరూ కొండెక్కింది. 1503లో ఆయన కన్నుమూసే వరకూ సాగిన పాటల వ్యవసాయాన్ని కొడుకు పెదతిరుమలాచార్యుడు, మనవడు చినతిరుమలాచార్యుడు అందిపుచ్చుకున్నారు. ఇంకో మనవడు చిన్నన్న తాతగారి జీవితకథను ద్విపదలో రాశాడు. 16వ శతాబ్దపు తిరుమల శాసనాల్లో తాళ్ళపాక వారి దానధర్మాలు కనిపిస్తాయి. వాళ్ళ కీర్తనల్ని రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించి ఆలయంలోనే ఓ చిన్న గదిలో భద్రపరిచారు. దాన్ని సంకీర్తన భాండాగారం అంటారు, తాళ్ళపాక అర అనీ అంటారు. తరాల తరబడి మరుగున ఉండిపోయిన ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితుల శ్రమ వల్ల ఆ పాటలు మళ్ళీ జనం నోట పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును మొదలుపెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రాగిరేకులు గదిలో నిద్రపోయిన కాలంలోనూ ఆ ఇంటిపేరు నిద్రపోలేదు. తెల్లవారుజామున సుప్రభాతవేళ మేలుకొలుపు పాడే బాధ్యత తాళ్ళపాక వంశీకులది. శ్రీవారి కల్యాణోత్సవంతోనూ ఆ వంశానికి తరతరాల అనుబంధం ఉంది. పేరు వెనక ఓ పని ఉంది కాబట్టి పేరు నిలిచింది.

మెట్టినింటి పేరా, పుట్టిన ఊరా?

ఈ రెండు పేర్ల వెనక ఇద్దరు ఆడవాళ్ళ కథ కూడా ఉంది. అన్నమయ్య భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనని చెప్పేవాళ్ళున్నారు. ఆమెను లోకం తాళ్ళపాక తిమ్మక్క అంటుంది. అంటే పేరు ముందు నిలిచింది మెట్టినింటి పేరే. చాలామంది ఆడవాళ్ళకు జరిగేదే ఆమెకూ జరిగింది.

వెంగమాంబది వేరే దారి. 1730లో తరిగొండలో కానాల వారింట పుట్టింది. చిన్నతనంలోనే పెళ్ళి, ఆ వెంటనే వైధవ్యం. ఆనాటి కట్టుబాట్లను ఎదిరించి, సొంత ఊళ్ళో నిలవలేక తిరుమల చేరింది. 1817 వరకూ జీవించి కావ్యాలు, యక్షగానాలు రాసింది. ఆమె పేరు ముందు పుట్టింటి కానాల నిలవలేదు, మెట్టినింటి పేరూ నిలవలేదు. వదిలి వచ్చిన ఊరే ఇంటిపేరైంది. ఇవాళ తిరుమలలో వేలాదిమంది భోజనం చేసే అన్నప్రసాద భవనం మీద ఉన్నది ఆ పేరే. ఆమెకు చోటివ్వని ఊరికి ఆమె తెచ్చిపెట్టిన గుర్తింపు అది!

ఆ పేరున్నవాళ్ళంతా చుట్టాలేనా?

పెళ్ళిచూపుల దగ్గర ఇంటిపేరు అడగని పెద్దలుండరు. ఇంటిపేరు ఒకటే అయితే అన్నాచెల్లెళ్ళ వరస అని సంబంధం వద్దనుకునే కుటుంబాలు ఎన్నో. కానీ ఊరి పేరు ఏ ఒక్క కుటుంబం సొత్తూ కాదు. ఒకే ఊరి నుంచి రైతు వెళ్తాడు, కంసాలి వెళ్తాడు, పురోహితుడూ వెళ్తాడు. వెళ్ళిన చోట అందరికీ ఆ ఊరే ఇంటిపేరు కావచ్చు. అందుకే కులాలు వేరైనా, గోత్రాలు వేరైనా ఇంటిపేరు ఒకటే కావడం తెలుగునేల మీద మామూలు విషయం. ఊరొకటే, రక్తసంబంధం ఉండాలని లేదు.

ఇది మన దగ్గరే కాదు. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ ఇంటిపేరు కూడా ఊరి పేరే. ఇంగ్లండు ఈశాన్య మూల డర్హమ్ ప్రాంతంలో వాషింగ్టన్ అనే పల్లె ఉండేది. ఆయన పూర్వీకులు అక్కడివాళ్ళు. ఆ ఊరు వదిలి, ఆ తర్వాత దేశమే వదిలిన కుటుంబం వల్ల ఓ పల్లె పేరు ఓ మహాదేశపు రాజధానికి వచ్చింది. ఇక 2000 నాటి అమెరికా జనాభా లెక్కల ప్రకారం ఆ ఇంటిపేరున్నవాళ్ళలో దాదాపు 90 శాతం మంది నల్లజాతివారే. పేరు ప్రయాణించినంత దూరం రక్తసంబంధం ప్రయాణించదని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇంగ్లండులో ఇలాంటి ఆరా ఓ పెద్ద వ్యాపకం. అరుదైన ఒక్క ఇంటిపేరును పట్టుకుని అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరికి ఉంది, ఇప్పుడు ఏయే ఊళ్ళలో ఉంది అని జీవితాంతం వెతికేవాళ్ళున్నారు. అలాంటివాళ్ళంతా కలిసి 1979లో ఓ సంఘమే పెట్టుకున్నారు. వాళ్ళకు 1538 నుంచి చర్చిల్లో రాసిపెట్టిన పుట్టుక, పెళ్ళి, చావుల పుస్తకాలు దొరుకుతాయి. 1881 జనాభా లెక్కల్లో ఇంటిపేర్లతో సహా జాబితాలున్నాయి. మన దగ్గర ఆ పని చేయాల్సింది తాతయ్యలు, నానమ్మలే.

'ఎస్' అంటే ఏమిటి?

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పుట్టిపెరిగిన ప్రముఖుల పేర్లు చూస్తే ఇంటిపేర్లు ఎలా కనుమరుగవుతాయో కూడా తెలుస్తుంది.

మాజీ రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు. కొన్నేళ్ళు తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదువుకున్నారు. సర్వేపల్లి ఉన్నది మాత్రం నెల్లూరు జిల్లాలో. ఆయన పెద్దలు ఎప్పుడో వదిలి వచ్చిన ఊరది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక తిరుత్తణి అందులో ఉండేది. 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి వెళ్ళిపోయింది. పుట్టిన ఊరు రాష్ట్రం మారినా ఇంటిపేరు మాత్రం నెల్లూరు దారి చూపిస్తూనే ఉంది.

అయితే ప్రపంచానికి ఆయన రాధాకృష్ణన్. ఆయన కుమారుడు, ప్రసిద్ధ చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్. విదేశీ గ్రంథాలయంలో తండ్రి పుస్తకాలు 'ఆర్' అక్షరం దగ్గర వెతకాలి. కొడుకువి 'జి' దగ్గర. ఇద్దరినీ కలిపే సర్వేపల్లి మాత్రం 'ఎస్' అన్న ఒక్క అక్షరంలోకి ముడుచుకుపోయింది. తెలియనివాళ్ళకు వాళ్ళిద్దరూ ఒకింటివాళ్ళని ఎలా తెలుస్తుంది?

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డిదీ అదే కథ. కట్టమంచి ఇవాళ చిత్తూరు నగరంలో ఓ భాగం. ఇంగ్లీషులో ఆయన 'సి' అక్షరంతో రాసుకున్నారు. దాంతో ఊరంతా ఒక అక్షరమై 'సి.ఆర్.రెడ్డి' మిగిలారు. 1895లో మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పుస్తకాల మీద కనిపించేది 'జె.కృష్ణమూర్తి' అనే. జిడ్డు అన్న అరుదైన తెలుగు ఇంటిపేరు ఆ 'జె'లో దాక్కుంది.

దీనికి తిరగబడ్డ కథలూ ఇక్కడున్నాయి. చంద్రగిరి మండలంలోని నారావారిపల్లె చంద్రబాబునాయుడి సొంతూరు. అక్కడ ఊరి నుంచి ఇంటిపేరు రాలేదు, నారా వారి నుంచే ఊరికి పేరొచ్చింది. చిత్తూరు, కడప పల్లెదారుల్లో మైలురాళ్ళ మీద 'వారిపల్లె' అన్న మాట అడుగడుగునా పలకరిస్తుంది. ఏదో ఒక ఇంటివాళ్ళు వచ్చి బావి తవ్వుకుని, నాలుగు గడపలు వేసుకున్న ఆనవాళ్ళవి.

ఇక సినీ నటుడు చిత్తూరు నాగయ్య అసలు ఇంటిపేరు ఉప్పలదడియం. పుట్టింది గుంటూరు సీమలోని రేపల్లెలో. నాటకాలాడి పేరు తెచ్చుకున్న చిత్తూరే ఆయనకు ఇంటిపేరైపోయింది. ఇంటిపేరు పుట్టడం ఎలా ఉంటుందో నిన్నమొన్నటి కాలంలో కళ్ళముందు జరిగిన ఉదాహరణ ఇది.

గడి లేని పేరు

చిత్తూరు సీమ మూడు భాషల కూడలి. ఓ పక్క తమిళం, ఇంకో పక్క కన్నడం. తమిళుల అలవాటులో పేరు ముందుండే అక్షరం తండ్రి పేరుది. తెలుగువాళ్ళకు అది ఇంటిపేరుది. సరిహద్దు మండలాల్లో రెండు పద్ధతులూ కలిసిపోయాయి. ఒకే ఇంట్లో అన్న ఇంటిపేరు పెట్టుకుంటే, తమ్ముడు బడిలో అయ్యవారు రాసినట్టు నాన్న పేరులోని మొదటి అక్షరం పెట్టుకున్న సందర్భాలుంటాయి.

ఆ తర్వాత పాస్‌పోర్టు కాలం వచ్చింది. దరఖాస్తులో రెండే గడులు... ఒకటి సర్‌నేమ్, ఇంకొకటి గివెన్ నేమ్. ఇనీషియల్‌తో సరిపెట్టుకున్నవాళ్ళు ఏం రాయాలో తెలియక ఒక గడి ఖాళీగా వదిలేశారు. అమెరికా వీసా మీద వాళ్ళ సొంత పేరే ఇంటిపేరుగా మారి, పేరున్న చోట 'ఎఫ్ఎన్‌యూ' అని వచ్చింది. అంటే 'మొదటి పేరు తెలియదు' అని! కొందరికి నాన్న పేరే లాస్ట్ నేమ్ అయింది. కొందరికి రెడ్డి, నాయుడు మిగిలాయి. తాతది ఓ ఇంటిపేరు, నాన్నది ఓ ఇంటిపేరు, మనవడిది ఇంకో ఇంటిపేరు. ముగ్గురిదీ ఒకే ఇల్లు!

తాళ్ళపాక లాంటి పేరున్నవాళ్ళకు ఇంకో చిక్కు. ఇంగ్లీషులో 'టి' తర్వాత 'హెచ్' పెట్టాలా వద్దా, 'ఎల్' ఒకటా రెండా అన్నది రాసేవాళ్ళ ఇష్టం. ఒకే పేరు కంప్యూటరులో నాలుగు పేర్లవుతుంది. అరుదైన పేరు ఇంకా అరుదైపోతుంది.

శుభలేఖలో దొరుకుతుంది

అందరి ఇంటిపేరు వెనకా రాగిరేకులుండవు. కానీ ప్రతి ఇంట్లోనూ ఓ పాత శుభలేఖ ఉంటుంది. ఇనీషియల్‌గా ముడుచుకోకుండా ఇంటిపేరును పూర్తిగా రాసే చోటు ఇవాళ అదొక్కటే. ఆ తర్వాత పాత భూమి దస్తావేజులు, పదో తరగతి సర్టిఫికెట్లు, పెళ్ళిలో పురోహితుడు చదివే ప్రవర.

వాటన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళను. ముఖ్యంగా నానమ్మలను, అమ్మమ్మలను. ప్రతి ఆడబిడ్డకూ రెండు ఇంటిపేర్లు తెలుసు... పుట్టింటిది, మెట్టినింటిది. మేనమామల ఊరేది, వాళ్ళు అంతకుముందు ఎక్కడి నుంచి వచ్చారు, ఏ కరవుకు, ఏ కొలువుకు కదిలారు అన్న లెక్కంతా వాళ్ళ దగ్గరే ఉంటుంది. వాళ్ళు వెళ్ళిపోతే చెప్పేవాళ్ళుండరు.

పిల్లలు బెంగళూరులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా నోట్‌బుక్‌లో రాసివ్వాల్సింది మూడే మూడు మాటలు. ఇంటిపేరు పూర్తిగా, తెలుగు అక్షరాల్లో. అది ఊరిదైతే ఆ ఊరు ఏ దారిలో ఉందో. అక్కడి నుంచి మొదట కదిలింది ఎవరో. పాస్‌పోర్టులో ఏ గడి ఖాళీగా ఉన్నా ఫరవాలేదు. 'మీదే ఊరు?' అని ఎవరైనా అడిగితే బిడ్డ దగ్గర జవాబుండాలి.