మొహమాటం లేని పుస్తకం కావాలి

"ఒక పుస్తకం మీద సమీక్ష రాద్దామనుకుంటున్న. మొదట ఏది పట్టుకోమంటవు మామయ్యా?" అని అడిగింది మా అక్క కూతురు. తను అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతోంది. పొద్దున్నే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి కుర్చీ పట్టుకుంటే రాత్రికి గానీ వదలదు. అక్కడ బీరువాల నిండా తెలుగు సాహిత్యం ఉన్నా, హాల్లో కూర్చునేవాళ్లలో చాలామంది తమ పుస్తకాలు తామే సంచీలో తెచ్చుకుంటారు. లైబ్రరీ నుంచి వాళ్లు తీసుకునేది ఫ్యాను, బల్ల, పక్కవాడు మనకంటే ఎక్కువ చదివేస్తున్నాడన్న భయం.

డెట్రాయిట్ నుంచి సెలవులకి వచ్చిన మామయ్యకి ఇలాంటి ప్రశ్న దొరకడమంటే పండగే. "ముందు నీ మనసులో ఏముందో చెప్పు" అన్నాను. "ప్రజల మనిషి" అంది. వట్టికోట ఆళ్వారుస్వామి నవల, కథానాయకుడు కంఠీరవం, తెలంగాణ తొలి నవలల్లో ఒకటి అని గడగడా అప్పజెప్పింది. చదివావా అంటే నవ్వింది.

బిట్లకు అలవాటు పడ్డ బుర్రతో ఇదే చిక్కు. ఆ పుస్తకం గురించి ఏమనాలో కోచింగ్ నోట్సులో ముందే ఖాయమైపోయింది. తీరా చదివాక ఏదో అధ్యాయం సాగదీసినట్టు అనిపించిందనుకోండి, ఆ మాట రాయడానికి చెయ్యి రాదు. ఆళ్వారుస్వామి సామాన్యుడా! 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట మోసుకుంటూ ఊరూరా అమ్మిన మనిషి. అంత గౌరవం నెత్తిన పెట్టుకుని మొదటి సమీక్ష రాస్తే అది సన్మానపత్రం అవుతుంది.

ఆ సాయంత్రం ఇద్దరం త్యాగరాయ గానసభకు వెళ్లాం. ఒక రిటైరైన పెద్దాయన కవితా సంపుటి ఆవిష్కరణ. వేదిక మీద వక్తలు కిటకిటలాడుతున్నారు, కింద కుర్చీల్లో బంధుమిత్రులు. శాలువాలు కప్పడం అయ్యేసరికి కవిత్వం గురించి మాట్లాడే టైము అయిపోయింది. ఆ పెద్దాయన తన సొంత డబ్బుతో ఐదువందల కాపీలు వేయించుకున్నారట. తెలుగులో కవిత్వం ఇప్పుడు ఎక్కువగా అలాగే అచ్చవుతోంది. "వీరు అమెరికా నుంచి వచ్చారు" అని ఎవరో పరిచయం చేయగానే ఆయన పెన్ను తీసి, నా పేరు రాసి, కింద ‘మీ అమూల్యమైన అభిప్రాయం కోసం’ అని సంతకం పెట్టి చేతికిచ్చారు. మా మేనకోడలికీ ఒక కాపీ దక్కింది. ఆయన భార్య వచ్చి టిఫిన్ ప్లేట్లు అందించారు. "మరి ఇదే రాసేయనా?" అని మా పిల్ల నా చెవిలో గొణిగింది.

వద్దన్నాను. సంతకం, టిఫిను, ఆ దంపతుల ముఖాల్లో సంతోషం ఇన్ని ఎదురుగా పెట్టుకుని ఫలానా కవిత తేలిపోయిందని రాయడం కొత్తవాళ్ల వల్ల కాదు. పాతవాళ్ల వల్లా పెద్దగా కావడం లేదు. మా డెట్రాయిట్ తెలుగు సాహితీ సమితి 1998 నుంచి పుస్తకాలు చదివి చర్చిస్తోంది. బాగాలేదనిపిస్తే బాగాలేదనే అనుకుంటాం. ఇదేదో మా ధైర్యం అనుకోకండి. రచయిత ఏడు సముద్రాల అవతల ఉంటాడు, మా మాట ఆయన చెవిన పడదు. అదే ఆయన తానా సభలకని వచ్చి మా ఊళ్లోనూ ఆగాడంటే, ఆ రోజు చర్చంతా పాయసమే.

హాస్టల్‌కి నడుస్తూ ఆ సంపుటిని తిరగేశాం. నాలుగు ముందుమాటలు, ఆ తర్వాత ‘నా మాట’, దాని తర్వాత కృతజ్ఞతలు. అసలు కవితలు ఎక్కడ మొదలయ్యాయో వేలు పెట్టి వెతుక్కోవాలి. అలవాటైన సమీక్షకుడికి ఈ ముందుమాటలే ప్రాణం. రెండిట్లోంచి చెరో పేరా ఎత్తి, మధ్యలో ఒక కవిత పేరు ఇరికిస్తే పని అయిపోతుంది. పత్రికలు సమీక్షకు రెండు ప్రతులు పంపమంటాయి, చోటు లేకపోతే ‘స్వీకారం’ కింద పేరు వేసి ఊరుకుంటాయి. చోటు దొరికి సమీక్ష పడినా, కొన్నిటిలో నాకు నమ్మకం కుదిరేది అడుగున పేజీలు, వెల, ‘ప్రతులకు’ అని ఉండే ఆ చివరి లైను మీదే. అందుకే మా పిల్లకి ఒక షరతు పెట్టాను: ఏ పుస్తకం తీసుకున్నా సరే, నీ సమీక్ష రాయడం పూర్తయ్యేదాకా ముందుమాటలు తెరవొద్దు.

ఇంకో రకం కుర్రాళ్లుంటారు. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డిని చదివి మొదటి సమీక్షకే కత్తి దూస్తారు, అందుకోసమే ఒక బలహీనమైన పుస్తకాన్ని వెతికి పట్టుకుంటారు. 1968లో ‘సంవేదన’ పత్రిక మొదలుపెట్టిన రా.రా. మాట కటువే. కానీ ‘సారస్వత వివేచన’ చదివితే తెలుస్తుంది, ఆయన తప్పు పట్టిన ప్రతిచోటా ఎందుకు తప్పో వాదించి మరీ చెబుతాడు. వీళ్లకి ఆయన కటువుదనం వస్తుంది గానీ ఆ ఓపిక రాదు.

మర్నాడు నారాయణగూడ తాజ్‌మహల్ హోటల్లో కాఫీ తాగుతూ నా సలహా చెప్పాను. నెల్లూరి కేశవస్వామి ‘చార్మినార్’, 1981లో వచ్చిన కథల పుస్తకం. "పేరు, సంవత్సరం తప్ప నాకేం తెల్వదు మామయ్యా" అంది. అంతకంటే కావలసిందేముంది? రచయిత ఇప్పుడు లేరు, కాబట్టి రేపు గానసభ మెట్ల మీద ఎదురుపడతారన్న బెంగ లేదు. నవలైతే మొత్తం మీద ఒకే తీర్పు చెప్పాలి. కథలైతే ఒకటి నచ్చుతుంది, ఒకటి నచ్చదు. ఈ రెంటికీ తేడా ఎక్కడొచ్చిందో కథలోంచే చూపిస్తే సమీక్ష సగం అయినట్టే. పైగా అవి పాత హైదరాబాద్ కథలు. ముస్లిం కుటుంబాలు, వాళ్ల దేవిడీలు, వాళ్ల మర్యాదలు. మా పిల్లది సూర్యాపేట, ఆ ప్రపంచం తనకు పరాయిదే. అయితే చిక్కడపల్లిలో బస్సెక్కితే పాతబస్తీ ఎంత దూరం? అనుమానమొస్తే వెళ్లి చూసి రావచ్చు. డెట్రాయిట్‌లో కూర్చుని రాసే నాకు ఆ వీలు లేదు, ఈ విషయంలో తనే నాకంటే అర్హురాలు.

"అంత పాత పుస్తకం మీద రాస్తే పత్రికలోళ్లు ఏస్తరా?" అంది. వెయ్యరు. కొత్త పుస్తకాలకే వాళ్ల దగ్గర చోటు చాలదు. మొదటి సమీక్ష అచ్చు కాకపోతే కొంప మునిగేదేమీ లేదన్నాను. ఇలాంటివి కొన్ని రాసి చెయ్యి తిరిగాక, ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శనకి వెళ్లి, ముఖపరిచయం లేని రచయిత పుస్తకం ఒకటి డబ్బిచ్చి కొనుక్కుని, దాని మీద రాసి పత్రికకు పంపమన్నాను.

"మరి నిన్నటి తాతగారి పుస్తకం? ఎవ్వరూ రాయకపోతే పాపం కదా!" అంది.

పాపమే. ఐదువందల కాపీల్లో చాలా భాగం ఇలా చేతులు మారి అటకెక్కుతాయని ఆయనకీ తెలుసు. ఆయన పుస్తకం మీద నేను రాస్తాను, ఉచితంగా తీసుకున్న కాపీ అనీ, వాళ్లింటి టిఫిను తిన్నాననీ మొదటి పేరాలోనే చెప్పి. అమెరికాకు సూట్‌కేసుల్లో సంతకాల పుస్తకాలు మోసుకెళ్లే మిత్రులందరికీ నా విన్నపం కూడా అదే. వాటిలో ఏ ఒక్కదాని మీద రాసినా, అది మీకెలా వచ్చిందో పాఠకుడికి ముందుగా చెప్పండి.