ఒక్క రైడర్ ఖరీదెంత?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ ఎలాగో, కబడ్డీలో స్టార్ రైడర్ అలాగే. దొరికితే చాలని టీములు డబ్బు సంచులు విప్పేస్తాయి. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలింది. సీజనంతా బయటే. అయినా రేటు పెరిగింది! 2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ 2.605 కోట్లు పెట్టింది. టీము మొత్తానికి ఉన్న బడ్జెట్టే 5 కోట్లు. పవన్ పాయింట్లు బాగానే తెచ్చాడు. టైటాన్స్ మాత్రం పట్టికలో అట్టడుగున మిగిలింది.

మా సంజామలలో ఎవరినడిగినా చెప్తారు: కూతకెళ్లేది ఒక్కడే, వచ్చినోణ్ని పట్టాల్సింది ఏడుగురు. 2024లో అదే పవన్‌ను టైటాన్స్ 1.725 కోట్లకు అట్టిపెట్టుకుంది. మనిషి అతనే. మారింది కొనేవాళ్ల ఆత్రమే. ఆ తేడా డబ్బు ఆ ఏడుగురిలో మిగతా ఆరుగురిదని అభిమానిగా నా లెక్క.