మంచుకొండకు ప్రయాణ సన్నాహము

మా జల్‌పల్లివారికి ఎత్తైన చోటనగా పహాడీ షరీఫు గుట్టయే. ఆ దర్గా మెట్లెక్కి నిలిచినచో గాలి చల్లగా తగులును. అంతకుమించిన చలిప్రదేశమును మేమెఱుగము. 2008లో శంషాబాదున విమానాశ్రయము తెఱచినది మొదలు రేయింబవళ్లు విమానములు మా డాబామీదుగా పోవుచునేయున్నవి గాని, వడియములు పెట్టుచు తలయెత్తి చూచుటయే తప్ప మాలో నెవ్వరును వానిలో కాలుపెట్టి యెఱుగరు. మంచనగా మాకు పుష్యమాసమున తెల్లవాఱుజామున చెఱువుపై నిలుచు పొగమంచు. అట్టి మేము హిమాలయమునకు బోయి, కాళ్లకు పలకలు తొడుగుకొని, మంచువాలుపై జాఱుట నేర్చుకొందుమని సంకల్పించితిమనిన ఇరుగుపొరుగువారు నవ్విరి. వారిని తప్పుపట్టలేము.

ఈ సంకల్పమునకు మూలము మా అమ్మాయి. ఎనిమిదవ తరగతి చదువుచున్నది. నిజామాబాదు ప్రాంతపు పాకాల గ్రామమునుండి మాలావత్ పూర్ణ యను బాలిక 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖర మెక్కినదనియు, అప్పటికామెకు పదునాలుగేండ్లయినను నిండలేదనియు, ఆమె తొలుత బండలెక్కుట నేర్చినది మన భువనగిరి కోటరాతిపైననే యనియు బడిలో విని వచ్చినది. ఆనాటినుండి దానికి మంచు కలవరింత. “నేను శిఖరమెక్కనమ్మా, మంచులో జారుతాను, అంతే” యని బేరమునకు దిగినది. శిఖరముతో పోల్చి అడిగినప్పుడు జాఱుట చిన్నకోరికగా తోచి తలయూచితిమి. ఆ తలయూపు ఎంత దూరము తీసికొనిపోవునో అప్పుడు తెలియలేదు.

తెలుగువారిలో హిమాలయమునకు అట్లు హఠాత్తుగా బయలుదేఱినవాడు మనుచరిత్రములోని ప్రవరుడు. మా నాయనగారు ఆ కావ్యమును మాకు పండ్రెండవయేట చెప్పిరి. సిద్ధుడు కాళ్లకు పసరు పూయగనే బ్రాహ్మణుడు కొండపై వ్రాలెను. మంచునీటికి పసరు కరగిపోవగా తిరిగివచ్చుదారి లేక అలమటించెను. చిన్ననాడు అతని నిగ్రహమును మెచ్చుకొంటిమి. ఈ ప్రయాణపు లెక్కలు వేయునప్పుడు మాకు తోచినది వేఱు. తిరిగివచ్చు ఉపాయము చూచుకొనకుండ ఎవ్వరైనను పోవుదురా? ఇంటనున్న ఆ యిల్లాలు, ఎందఱతిథులు వచ్చినను విసుగక వండిపెట్టునది, మధ్యాహ్నమునకు భర్త రాకపోగా ఏమనుకొన్నదో పెద్దనగారు చెప్పలేదు. అందుచేత మేము మొదట తిరుగు టిక్కెట్ల సంగతియే విచారించితిమి.

ఎచ్చటికి పోవలెనను చర్చ మాయింట పదిదినములు సాగినది. మావారికి బదరీనాథపు త్రోవలోని ఔలీపై మనసు. అది చక్కని మంచువాలులుగల చోటు. 2011లో దక్షిణాసియా శీతకాలపు ఆటలచ్చట జరిగినవి. కాని 2023 జనవరిలో దాని క్రిందనున్న జోషీమఠమున నేల క్రుంగి, ఇండ్లు బీటలువాఱి, వందలకొలది కుటుంబములు గడపదాటి పోవలసివచ్చినది. ఔలీకి పోవు తీగబండియు నాడు నిలిచిపోయినది. ఇండ్లు విడిచి యేడ్చినవారి ఊరిమీదుగా వినోదమునకు పోవుటకు మాకు మనసొప్పలేదు. చివఱకు కాశ్మీరములోని గుల్‌మార్గ్ నిశ్చయమైనది. పూర్వము దానికి గౌరీమార్గమని పేరుండెడిదని చెప్పుదురు. ఈ మాట చెవినిబడినప్పటినుండి మా అత్తగారు ఆ యూరిని వేఱొక పేర పిలువలేదు.

గుల్‌మార్గ్ సముద్రమునకు సుమారు 2,650 మీటర్ల ఎత్తున నున్న పచ్చికబయలు. చలికాలమున అది పూర్తిగ మంచుతో కప్పబడును. అచ్చటినుండి తీగలపై వ్రేలాడు పెట్టెబండ్లు రెండంచెలుగా పైకిబోవును. మొదటియంచె కోంగ్‌డూరి వఱకు, రెండవది అఫర్‌వాట్ కొండ భుజముపై దాదాపు 3,950 మీటర్ల యెత్తువఱకు. ఆంగ్లేయ సైనికాధికారులు 1927లో అచ్చట స్కీ సంఘమును నెలకొల్పిరి. నేడు ప్రభుత్వపు శిక్షణాలయమొకటి కలదు. విడిగా నేర్పు గురువులును పలువురు గలరు.

స్కీ యనునది నార్వే దేశపు మాట. చీల్చిన కొయ్యపలక యని యర్థమట. ఇది పుట్టుకతో ఆటగాదు. ఇంటికప్పులవఱకు మంచుపడు దేశములలో పొరుగింటికి పోవుటకైనను, వేటకైనను ఈ పలకలే కాలిబండ్లు. పాదము మంచులో దిగబడకుండ బరువును పొడవున పంచుటయే దీని కిటుకు. మనము బురదనేలపై పలక పఱచి నడచుటవంటిదే. నేర్చువారికి మొదట చెప్పునది పోవుట గాదు, ఆగుట. రెండుపలకల ముందుమొనలను దగ్గఱచేర్చి, వెనుకకొనలను ఎడముగ విప్పి, లోపలియంచులను మంచులో నొత్తినచో వేగము తగ్గును. తఱువాత పడుటయు, పడినపిమ్మట పలకలను వాలునకు అడ్డముగ తిప్పుకొని లేచుటయు నేర్పుదురు. మా అమ్మాయి గచ్చుపై రెండు చీపుళ్లు కాళ్లకు కట్టుకొని ఈ పాఠమును నిత్యమును అభ్యసించుచున్నది. ఒక చీపురు ఇదివఱకే విఱిగినది.

ఇది పురుషుల విద్యయని యెవ్వరైన నన్నచో చెప్పుటకు రెండు పేర్లు కనిపెట్టియుంచితిమి. 1988లో కాల్గరీ నగరపు శీతకాలపు ఒలింపిక్సులో మనదేశము పక్షమున మంచువాలుపై పోటీచేసిన శైలజాకుమార్, ఆ క్రీడోత్సవమున పాల్గొన్న తొలి భారతస్త్రీ. 2018లో తుర్కీదేశమున జరిగిన అంతర్జాతీయపు పోటీలో మనాలి ప్రాంతపు ఆంచల్ ఠాకూర్ కాంస్యపతకము తెచ్చెను.

అసలు చిక్కు కాలనిర్ణయమున వచ్చినది. మావారు ఉపాధ్యాయులు, మాయింటి పంచాంగము బడిసెలవులు. మొదట సంక్రాంతి సెలవులలో పోవుదమనుకొంటిమి. అది విని అత్తగారు మాటాడలేదు. మాటాడకుండుటయే ఆమె కోపము. బొమ్మలకొలువు పెట్టక, వాకిట గొబ్బెమ్మ నుంచక, తాళము వేసిన ఇంటిని పండుగకు చూపుటయా యని ఆమె బాధ. మాకును ఆ తలంపు రుచింపలేదు.

ఇంతలో మంచు సంగతియే అడ్డుపడినది. కాశ్మీరపు మంచు మన వానలవలె ఋతువునకు కట్టుబడి వచ్చునది గాదు. పడమట మధ్యధరా సముద్రపు దిక్కునుండి తేమ మోసికొనివచ్చు గాలివానలు వచ్చినచో కురియును, రాకున్న లేదు. డిసెంబరు 21 మొదలు నలువదిదినములను అచ్చటివారు చిల్లై కలాన్ అందురు, అతికఠినమగు చలికాలమది. అయినను 2024 జనవరిలో మూడువారములకు పైగా గుల్‌మార్గ్ బయలున ఎండిన గడ్డియే కనబడినది. నెలాఖరున గాని మంచు రాలేదు. 2025లో ఫిబ్రవరి 22న మొదలు కావలసిన జాతీయ శీతకాలపు ఆటలు మంచుచాలక వాయిదాపడి మార్చిలో జరిగినవి. పెద్దపెద్దవారి ఏర్పాట్లే అట్లు తప్పినప్పుడు, సంక్రాంతికి ఎనిమిదిదినముల సెలవు చేతబట్టుకొని పోయి గడ్డిచూచి వచ్చుట యేమి లాభము? ఫిబ్రవరి మొదటి పక్షమే మేలని తేలినది. పండుగ ఇంటిలోనే జరుగును. అత్తగారు ఆ సాయంకాలము మాకు తానే కాఫీ కలిపి యిచ్చిరి.

అయితే ఫిబ్రవరిలో మావారికి సెలవు దొరకదు. పదవతరగతి పిల్లలకు మార్చిలో పరీక్షలు. ఉదయము సాయంకాలము ప్రత్యేకపాఠములు. వారు క్యాలెండరును రెండుదినములు త్రిప్పిత్రిప్పి చూచి, “వచ్చే యేడు చూద్దాము” అనిరి. వచ్చేయేడు అమ్మాయి తొమ్మిది, ఆపై పది, ఆపై ఇంటరు. సోదరీమణులారా! ఆడపిల్ల విషయమున ‘వచ్చేయేడు’ అను మాటకు అర్థము మీకు మేము చెప్పనక్కఱలేదు. మా పెండ్లినాటి హంపీ ప్రయాణము నేటికి పదునాఱేండ్లనుండి వచ్చేయేడే.

మా ఆడబిడ్డ వరంగల్లున నర్సుపని చేయుచున్నది. ఫోనులో సంగతి విని, “వదినా, మనం ముగ్గురం పోదాము” అనెను. మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. మగతోడు లేక, అంతదూరము, అందును కాశ్మీరము! 2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్ చేరువ బయలులో ఇరువదియార్గురిని కాల్చిచంపిన వార్త విన్నప్పుడు మాయింట రెండుపూటలు పొయ్యి సరిగా వెలుగలేదు. చనిపోయినవారిలో పలువురు భార్యల కన్నులయెదుట పడినవారు. యాత్రికులను కాపాడబోయి ప్రాణమిచ్చిన అచ్చటి గుఱ్ఱపువాడును వారిలో నొకడు. ఆ వార్త మనసులోనుండగా టిక్కెట్టు కొనుట ధైర్యమా, మొండితనమా యని మేము పలుమాఱు తర్కించుకొంటిమి. నేటికిని తేలలేదు. బయలుదేఱుటకు వారముముందు పరిస్థితి విచారించి, మంచిది గాదన్నచో మానుకొనుటకు వీలుగ బస రద్దుచేసికొను నియమము వ్రాతమూలముగ పుచ్చుకొంటిమి. అంతవఱకే మా చేతిలోనున్నది.

అత్తగారు ఎట్లు చెప్పుదురోయని మూడుదినములు భయపడి, నాలుగవనాడు మావారిచేతనే చెప్పించితిమి. ఆమె చాటలోని బియ్యములో రాళ్లేరుచు విని, “వాడు బడి ఇడిసి రాలేడంటే పిల్ల మంచు చూడొద్దా? మీరు పోయి రాండ్రి. వాడికి నేనింత వండి పెడ్తా” అనిరి. మావారు నవ్వబోయి ఊరకుండిరి. ఈసారి ప్రవరుడు ఇంటనుండి అగ్నిహోత్రము చూచుకొనును. ఇల్లాలు కొండకు పోవును. ఈ మాట వారితో నన్నప్పుడు, పసరు కరగునట్టిది పూసికొనవలదని మాత్రము హెచ్చరించిరి.

ఇక ఏర్పాట్లు. పోవునప్పుడు శంషాబాదునుండి శ్రీనగరమునకు విమానము. అచ్చటినుండి గుల్‌మార్గ్ ఏబది కిలోమీటర్లు. చివఱి పదుమూడు తంగ్‌మార్గ్‌నుండి ఘాటుదారి, మంచుపడినప్పుడు బండిచక్రములకు గొలుసులు చుట్టి నడుపుదురు. వచ్చునప్పుడు రైలు. 2025 జూన్ 6న ప్రారంభమైన రైలు శ్రీనగరమునుండి కాట్రాకు సుమారు మూడుగంటలలో దించును. త్రోవలో చీనాబు నదికి 359 మీటర్ల యెత్తున కట్టిన వంతెనపై పోవును. ఢిల్లీనుండి తెలంగాణా ఎక్స్‌ప్రెస్సు ఉండనేయున్నది.

చీర కట్టుకొని స్కీ నేర్వరాదు. పొరుగామె ముఖము చిట్లించినది గాని, నాటువేయుటకు కొంగు బిగించిన మన అమ్మల మాట తలచి మేము సిగ్గుపడలేదు. నూలు మేజోళ్లు చెమట పీల్చి తడిసి కాలిని గడ్డకట్టించునట, ఉన్నివే తొడుగవలెను. లోపల పలుచని యుడుపు, దానిపై ఉన్ని, పైన తడియంటని కోటు — మందమగు నొకదానికంటె మూడుపొరలు మేలు. మంచుపై ఎండ తళతళకు కన్నులు మండును గనుక నల్లయద్దములు తప్పవు. పలకలు, గట్టి బూట్లు, ఊతకఱ్ఱలు అచ్చటనే దినమున కింతయని అద్దెకు దొరకును. బూటు వ్రేళ్లు నలుపకుండ, మడమ మాత్రము లేవకుండ నుండవలెనని ఆడబిడ్డ వ్రాసికొన్నది. గదిలో బొగ్గుల కుంపటి యున్నచో తలుపులన్నియు బిగించి నిదురింపరాదనియు, విషవాయువు నిదురలోనే ప్రాణము తీయుననియు ఆమె మఱిమఱి చెప్పినది. రెండవయంచె తీగబండికి అమ్మాయి ఎంత మారాముచేసినను మేము పోము. ఎగువవాలులపై 2023, 2024 ఫిబ్రవరులలో మంచుచఱియలు విఱిగిపడి విదేశీయులైన స్కీ విద్యావంతులే మరణించిరి. క్రిందిబయలున పిల్లలు నేర్చుకొను వాలే మాకు చాలును.

సొమ్ము మా చీటీది. మూడేండ్లు కట్టి, రెండుతులముల గాజులకని యుంచినది. బంగారపు ధర చూచితిమి. ఆ సొమ్మునకు రెండుతులములు ఎట్లును రావు. ఈ సమాధానము మనసునకు చెప్పుకొని బ్యాంకునకు పోయితిమి గాని, తిరిగివచ్చునప్పుడు బోసిచేతులను ఒకమాటు చూచుకొననిది లేదు.

టిక్కెట్లు నిన్న వచ్చినవి. అమ్మాయి వానిని నిఘంటువు పుటలనడుమ దాచినది. అత్తగారు ఈ సంక్రాంతికి రెండుసేర్ల బియ్యము అధికముగ నానబోయవలెననుచున్నారు; ఒక డబ్బా సకినాలు గౌరీమార్గమునకు పోవలెనట, వాములు కొంచెము ఎక్కువ వేసి, చలికి మంచిదని.