మత్తు సూది ఎవరికి గుచ్చుకుంది?

మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్ తిప్పుతుంటే 1969 నాటి కామెడీ స్కిట్ ఒకటి తగిలింది.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

అమెరికాలో సీబీఎస్‌లో వచ్చిన 'ది కారల్ బర్నెట్ షో' అది. అతిథి టిమ్ కాన్వే. అప్పుడే చదువు ముగించుకొచ్చిన పళ్ల డాక్టరు వేషం. కుర్చీలో పేషెంటుగా హార్వీ కార్మన్. మత్తు సూది ఇవ్వబోయి డాక్టరు తన చేతికే గుచ్చుకుంటాడు. చెయ్యి చచ్చుబడి వేలాడిపోతుంది. కాసేపటికి కాలికీ అదే గతి. మొద్దుబారిన కాలు ఈడ్చుకుంటూ, అయినా వైద్యం మానకుండా!

కానీ చూడాల్సింది కార్మన్‌ని. నవ్వు ఆపుకోలేక మొహం చేతులతో కప్పేసుకుంటాడు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటాయి.

ఒక్కో ఎపిసోడ్‌ని జనం ముందు రెండుసార్లు రికార్డు చేసేవారు. మొదటిసారి కాన్వే రాసింది రాసినట్టే చేసేవాడు. దాచుకున్న చేష్టలన్నీ రెండోసారికి బయటికి తీసేవాడు. ఎదుటి నటుడికి ముందే తెలిసేది కాదు. అందుకే ఆ నవ్వు అంత నిజం.

ఏళ్ల తరబడి అతిథిగా వచ్చిపోయిన కాన్వే 1975లో షోలో శాశ్వత సభ్యుడయ్యాడు.

తన పేరుతో నడిచే షోలో నవ్వులన్నీ ఇంకొకరికి వదిలేయడం, అది కారల్ బర్నెట్ మనసు. ఎంతమందికి ఉంటుంది?

కార్మన్ 2008లో, కాన్వే 2019లో పోయారు.

మీ ఇంట్లో టీవీ ముందు అందరూ కలిసి పడీపడీ నవ్విన కామెడీ ఏది? గుర్తొస్తే రాయండి.