ఆట ఆపిన తరువాత అరగంట

ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేసి పదేళ్ళు దాటినా, తెలిసినవారు ఇంటికి వచ్చి ఆరోగ్య విషయాలు అడుగుతూనే ఉంటారు. మునుపు ఎక్కువగా రక్తపోటు, మధుమేహం గురించి అడిగేవారు. ఇప్పుడు తరచుగా వినవచ్చే ప్రశ్న ఇది: “డాక్టరు గారూ, మావాడు ఫోనులో ఆటలు వదలడం లేదు. ఏం చేయమంటారు?” అడిగిన వెంటనే పిల్లవాడు రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నాడో లెక్క చెబుతారు. ఆ లెక్క అవసరమే. కాని నేను మొదట తెలుసుకోగోరేది వేరు. ఆట ఆపిన తరువాత ఒక అరగంట సేపు ఆ పిల్లవాడు ఎలా ఉంటాడు? చాలామంది తల్లిదండ్రులు దీనికి సమాధానం చెప్పలేరు. ఆట ఆగే సమయానికి ఇంట్లో తగవు మొదలై ఉంటుంది. ఆ అరగంటలో శరీరంలోను, మనసులోను ఏమి జరుగుతుందో మీకు వివరించడానికే ఈ వ్యాసం.

ఆట ఆడేటప్పుడు శరీరం ఊరకే కూర్చొని ఉండదు. మా మనుమడు ఒకసారి నా ఫోనులో కార్ల పందెం ఆట ఒకటి పెట్టి ఇచ్చాడు. ఆడే ముందు నా నాడి చూసుకొన్నాను, నిమిషానికి 74. పందెం ముగిసేసరికి 102. కుర్చీలోనుంచి లేవలేదు, మెట్లు ఎక్కలేదు. అరచేతులకు మాత్రం చెమట పట్టింది. మూత్రపిండాల మీద టోపీలవలె అమరి ఉండే అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదలుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకొంటాయి. ఆపద ఎదురైనప్పుడు పోరాడడానికో, పారిపోవడానికో ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. తెర మీద కనబడేది నిజమైన ఆపద కాదని బుద్ధికి తెలుసు. కాని గుండెను, రక్తనాళాలను మన ఇచ్ఛతో పని లేకుండా నడిపే స్వయంచాలక నాడీమండలానికి ఆ తేడా అంతగా పట్టదు. ఆట ఆగిన క్షణంలోనే ఈ సన్నాహం ఆగిపోదు. అది చల్లబడడానికి కొంత వ్యవధి కావాలి.

మెదడులో మరొక వ్యవహారం నడుస్తుంది. 1998లో లండన్‌లో ఎనిమిదిమంది పురుషుల చేత యుద్ధ శకటాన్ని నడిపే వీడియో ఆట ఆడించి, అదే సమయంలో వారి మెదళ్ళను చిత్రీకరించారు. ఆడుతున్నప్పుడు డోపమిన్ అనే నాడీ ప్రసారిణి విడుదల అధికమైనట్లు ఆ పరిశోధనలో కనిపించింది. డోపమిన్‌ను ‘సుఖ రసాయనం’ అంటుంటారు గాని, ఇంకొంచెం దొరుకుతుందేమో అనే ఆశకు, ప్రయత్నం మానకుండా సాగే తపనకు దానితో ఎక్కువ సంబంధం ఉంది. బహుమతి ప్రతిసారీ రాకుండా, ఎప్పుడు వస్తుందో తెలియకుండా వస్తే జీవి ఆ పనిని విడువకుండా చేస్తుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ ఎలుకలతోను, పావురాలతోను ఏనాడో చూపాడు. మన ఊళ్ళ తిరునాళ్ళలో లక్కీడిప్ పెట్టేవాడు ఈ శాస్త్రం చదవకపోయినా దాని మర్మం ఎరిగినవాడే. నేటి ఆటలలో లోపల ఏముందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మడం కూడా ఆ కోవలోనిదే. బెల్జియం 2018లో అటువంటివాటిని జూదంగా పరిగణించింది.

తుపాకుల ఆటలు ఆడితే పిల్లలు హంతకులు అవుతారా అని కొందరు భయంతో అడుగుతారు. ఆ భయానికి తగిన ఆధారం లేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో ఈ విషయాన్ని మరొకమారు పరిశీలించింది. హింసాత్మకమైన ఆటలకు, అరవడం, తోయడం వంటి దుడుకు ప్రవర్తనకు స్వల్పమైన సంబంధం ఉందని, నేరాలకు ఆ ఆటలే కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవని ప్రకటించింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సుమారు వెయ్యిమంది బ్రిటిష్ కిశోరులను పరిశీలించారు. హింసాత్మకమైన ఆటలు ఆడడానికి, దుడుకు ప్రవర్తనకు సంబంధం వారికి కనిపించలేదు. కాబట్టి తెర మీది తుపాకి కంటె, ఓటమి అంచున ఉన్నప్పుడు చేతిలోనుంచి ఫోను గుంజుకొనే తీరు ఇంటిలోని కోపతాపాలకు ఎక్కువ కారణమవుతుందని నా అనుభవం.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో పదిహేనేళ్ళ అబ్బాయి రాత్రి రెండు గంటల వరకు ఆడేవాడు. ఒకరోజు భోజనాల వేళ తండ్రి ఫోను లాక్కొన్నాడు. అబ్బాయి కంచం విసిరికొట్టాడు. తండ్రి చేయి చేసుకొన్నాడు. ఆ తరువాత మూడు రోజులు పిల్లవాడు అన్నం ముట్టలేదు. వాళ్ళమ్మ ఏడుస్తూ నా దగ్గరకు తీసుకొని వచ్చింది. నేను ఫోను ప్రస్తావన లేకుండా, ఆ ఆట ఎలా ఆడతారో చెప్పమన్నాను. అరగంట సేపు ఉత్సాహంగా చెప్పాడు. నలుగురు ఆడే జట్టుకు అతడే నాయకుడు. బడి సంగతి అడిగితే తల దించుకొన్నాడు. ఊళ్ళో తెలుగు మాధ్యమంలో చదివినవాడిని పట్నంలో ఇంగ్లీషు మాధ్యమంలో వేశారు. తరగతిలో నోరు విప్పితే నవ్వుతారని ఎవరితోను మాట్లాడడు. “అక్కడ నేను లేకపోతే మా జట్టు ఓడిపోతుంది తాతయ్య గారూ. బడికి నేను వెళ్ళకపోయినా ఎవరికీ తెలియదు” అన్నాడు.

ఆ మాట విన్న తరువాత తండ్రికి ఇక ఎక్కువ చెప్పవలసిన అవసరం కలగలేదు. ముగ్గురూ కూర్చొని కొన్ని కట్టుబాట్లు చేసుకొన్నారు. నడుస్తున్న ఆటను మధ్యలో ఆపించరు, అది ముగిశాక కొత్తది మొదలుపెట్టకూడదు. రాత్రి పది గంటలకు ఇంట్లో అందరి ఫోన్లు, తండ్రి ఫోనుతో సహా, హాలులోని అల్మరాలోకి వెళ్తాయి. ఆట ఆపిన అరగంట వరకు చదువు గురించిన ప్రశ్నలు ఉండవు. స్నానమో, నాలుగు అడుగుల నడకో, తమ్ముడితో షటిలో ఆ వ్యవధిలో సాగుతుంది. ఇంగ్లీషు కోసం ఒక మాష్టారిని కుదిర్చారు. ఆరు నెలలయింది. అబ్బాయి ఇంకా ఆడుతున్నాడు, కొన్ని రోజులు తగవులూ పడుతున్నాడు. కాని నిద్రపోతున్నాడు, బడికి వెళ్తున్నాడు. ఆట అతని రోగం కాదు. అతనికి బడిలో దొరకని గౌరవం ఆటలో దొరికింది.

ఆటలన్నీ చెరుపే చేస్తాయని కూడా మీరు అనుకోవద్దు. 1984లో మాస్కోలో పుట్టిన టెట్రిస్ అనే ముక్కలు పేర్చే ఆట చాలామందికి తెలిసినదే. ఆక్స్‌ఫర్డ్‌లో వాహన ప్రమాదాల తరువాత అత్యవసర విభాగానికి వచ్చిన 71 మందితో ఒక పరిశోధన జరిగింది. ప్రమాదాన్ని కొద్దిగా స్మరింపజేసి, ఆరు గంటలలోపు ఈ ఆట ఆడించినవారికి, ఆ తరువాతి వారంలో భయానక దృశ్యాలు అదేపనిగా కళ్ళ ముందు మెదలడం తగ్గింది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 8 నుంచి 12 ఏళ్ళ వయస్సులో అవధాన లోపం గల పిల్లల కోసం ఒక వీడియో ఆటను వైద్య సాధనంగా అనుమతించింది. మెదడుపై పనిచేసే శక్తి ఉన్నది కనుకనే ఆటకు మేలు చేసే గుణం, చెరుపు చేసే గుణం రెండూ ఉన్నాయి.

మరి ఎప్పుడు దీనిని వ్యాధిగా పరిగణించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ‘ఆటల రుగ్మత’ను చేర్చింది. ఆ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అందులో గంటల పరిమితి ఏదీ లేదు. మూడు లక్షణాలు చెప్పారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన వశంలో లేకపోవడం మొదటిది. మిగిలిన అభిరుచులకంటె, నిత్యకృత్యాలకంటె ఆటకే ప్రాధాన్యం పెరగడం రెండవది. హాని కలుగుతున్నా కొనసాగించడం మూడవది. వీటివలన చదువు, ఉద్యోగం, కుటుంబ సంబంధాలు గణనీయంగా దెబ్బతినాలి, సాధారణంగా సంవత్సర కాలమైనా అలా సాగాలి. సెలవులలో రోజంతా ఆడి, బడులు తెరిచాక పుస్తకం పట్టుకొనే పిల్లవాడు రోగి కాడు.

డబ్బు పణంగా పెట్టి ఆడే ఆటల సంగతి వేరు. అవి పేరుకు ఆటలు, పనికి జూదం. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను, పార్లమెంటు 2025లోను వాటికి వ్యతిరేకంగా చట్టాలు చేశాయి. ఆ ఊబిలో దిగేవారిలో పెద్దలు ఎందరో ఉన్నారు. ఇంటాయన ఫోను దాచుకొంటూ, కారణం చెప్పకుండా అప్పులు చేస్తుంటే ఈ కోణం నుంచి కూడా ఆలోచించండి.

కిశోరులకు రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. పోయిన నిద్ర మరునాడు చిరాకుగా బయటపడుతుంది. మూర్ఛవ్యాధి గలవారిలో కొందరికి తెర మీది మెరుపులవలన మూర్ఛలు రావచ్చు, వారు వైద్యుని సలహా పొందాలి. పిల్లవాడు తిండి, నిద్ర, బడి మానివేసినా, చనిపోతానన్నా, ఇంట్లో వారిపై చేయి ఎత్తినా జాగు చేయకుండా మానసిక వైద్యులను సంప్రదించండి. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా లభిస్తుంది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి ఇందుకోసం ప్రత్యేక వైద్యశాల ఉన్నది.

అంతవరకు వెళ్ళకముందే మీరు చేయగలిగినది ఒకటి ఉంది. ఒక వారం రోజులు మీ పిల్లలు ఆట ఆపిన తరువాత అరగంటను, ఏమీ అనకుండా గమనించండి. పది నిమిషాలలో మామూలు మనిషై ఆకలి అంటూ వంటింట్లోకి వస్తే బెంగపడవలసినది లేదు. ఆట లేని సమయమంతా దిగులుతోనో, ఉడుకుమోత్తనంతోనో గడుపుతుంటే, ఆ ఆటలో వారికి దొరుకుతున్నది ఏమిటో, ఇంట్లోను బడిలోను దొరకనిది ఏమిటో నెమ్మదిగా అడిగి తెలుసుకోండి. ఫోను సంగతి ఆ తరువాత మాట్లాడవచ్చును.