తెల్లారి లోకల్‌లో

చెన్నైలో టెక్నో నైట్ విని, తెల్లారి సూళ్ళూరుపేట లోకల్ ఎక్కాను. చెవుల్లో ఆ కిక్ డ్రమ్ ఇంకా మోగుతూనే ఉంది. బయటి ఊరి నుంచి వచ్చిన డీజే రెండు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. వేళ్ళు మాత్రం చిన్న నాబ్ మీద వెంట్రుకవాసి కదిలేవి, గదంతా ఊగిపోయేది. తిరుపతి గంగజాతర పలకలకు ఊగిన ఒళ్ళు కదా, నాకు కొత్తనిపించలేదు.

టెక్నో పుట్టిల్లు డెట్రాయిటే, నల్లజాతి కుర్రాళ్ళ చేతుల్లో. కానీ 1982లోనే మన బొంబాయిలో చరణ్‌జీత్ సింగ్ అనే సంగీతకారుడు రోలాండ్ 303, 808 అనే ఎలక్ట్రానిక్ మిషన్ల మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. అప్పుడు పట్టించుకున్నవాళ్ళే లేరు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

సూళ్ళూరుపేటలో దిగి, అటకానితిప్ప దారిలో ఆగాను. పులికాట్ బురదను ఫ్లెమింగోలు ఒకే లయలో తొక్కుతున్నాయి.

మన సూళ్ళూరుపేటలో ఒక టెక్నో రాత్రి పెడదామా? పక్షులకు దూరంగా, తలుపులు బిగించి. వచ్చేవాళ్ళు చెప్పండి.